అయిదో సంతకం

ఎం.టెక్ అంటే చదువని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఎన్నయినా అనుకుంటుంది. అందులో పడి ఈదుతున్నవాళ్ళనడగండి, ఎం.టెక్ అంటే క్రెడిట్లని చెప్తారు. సబ్జెక్టుకి ఇన్ని క్రెడిట్లని, ల్యాబుకి ఇన్నని, సెమినారుకి ఇన్నని, థీసిస్‌కి ఇన్నని ఒక లెక్క ఉంటుంది. అన్నీ జమపడితేనే పట్టా. ఒక్క సబ్జెక్టు తగ్గినా మిగతావన్నీ ఉండీ లేనట్టే. దానికి తోడు గడువొకటి. చేరిన దగ్గర్నుంచి నాలుగేళ్ళలో లెక్క పూర్తికాకపోతే పాసైన సబ్జెక్టులు కూడా రద్దు. ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, వాళ్ళింట్లో ఎవరికీ జ్వరాలు రావు కాబోలు, పిల్లలు పుట్టరు కాబోలు.

రెబ్కాకు పిల్ల పుట్టింది. సరిగ్గా రెండో సెమిస్టర్ పరీక్షల్లోనే పుట్టింది. మిగతా పేపర్లన్నీ నిండు కడుపుతోనే రాసేసింది గానీ, చివరి పేపరు రోజున పరీక్ష హాల్లో ఉండాల్సిన మనిషి ఆస్పత్రి మంచం మీద ఉంది. అదొక ఎలెక్టివ్. అంటే నాలుగైదు సబ్జెక్టుల్లోంచి విద్యార్థి తనకు తానుగా ఎంచుకునేది. పోతే పోయింది, తర్వాత రాసుకోవచ్చులే అనుకుంది. తల్లి ఎలీసమ్మ చిలకలూరిపేట పక్క పల్లెలో మిరపకోతలకు పోయి కూతుర్ని ఇంజనీరింగు దాకా తెచ్చిన మనిషి. మనవరాల్ని కూడా ఒళ్ళోకి లాక్కుని, "నువ్వు పోయి చదూకోవే, దీని సంగతి నేను చూసుకుంటా," అంది. భర్త ప్రకాష్ మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు, వారానికోసారి ఇంటికొస్తాడు. అతనూ కాదనలేదు. థీసిస్ పూర్తయింది. ఒక ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరర్ ఉద్యోగం కూడా దొరికింది. జూన్‌లోగా ఎం.టెక్ పట్టా తెచ్చి చూపించాలి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ప్రిన్సిపాల్ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

మిగిలింది ఆ ఒక్క ఎలెక్టివ్. తీరా రాద్దామని గుంటూరు వెళ్తే రెగ్యులేషన్ మారిపోయిందన్నారు. ఆ సబ్జెక్టే ఎత్తేశారు. దాని బదులు గ్రౌండ్ ఇంప్రూవ్‌మెంట్ అని కొత్తది చదివి పాసవ్వాలట. నల్లరేగడి లాంటి మొండి నేలల్ని కట్టడాలకు పనికొచ్చేలా బాగుచేసే విద్య అది. సరే, చచ్చినట్టు అదే చదువుతానంది. కానీ ఆ ఎలెక్టివ్ నడవాలంటే కనీసం అయిదుగురు చేరాలి. నలుగురైతే క్లాసు లేదు, పేపరు లేదు, క్రెడిట్లు లేవు. అది రెండువేల మూడు. ఆ మే నెలతో రెబ్కాకు నాలుగేళ్ళూ నిండిపోతాయి. ఇంకో సెమిస్టర్ అనే మాటే లేదు.

జూనియర్లలో ముగ్గురు ఆ సబ్జెక్టు తీసుకున్నారు. తనతో నలుగురు. అయిదో మనిషి కోసం రెబ్కా డిపార్ట్‌మెంటులో కనపడినవాళ్ళందరి కాళ్ళూ పట్టుకున్నంత పనిచేసింది. అందరూ కంప్యూటర్ సబ్జెక్టు వైపే పోయారు. ఆఖరికి త్రినాథ్ దొరికాడు. పర్చూరు దాటి లోపలికి వెళ్ళాలి వాళ్ళ ఊరికి. మిరప, పత్తి వేసే ఇల్లు. నోట్లోంచి మాట ఊడిపడటం కష్టం. వాడు కూడా కంప్యూటర్ సబ్జెక్టుకే పేరిచ్చాడు.

"నల్లరేగట్లో పుట్టి నల్లరేగట్లో పెరిగినోడివి, నీకీ సబ్జెక్టు ఒకళ్ళు చెప్పాలంట్రా? కళ్ళు మూసుకుని పాసవుతావు. కాకపోతే నా పేరు మార్చుకుంటా," అంది రెబ్కా. "అక్కా అని పిలుస్తావుగా, ఈ అక్క కోసం ఒక్క సంతకం పెట్టు."

వాడు నవ్వి పెట్టాడు. ఆ సంతకం చూసి రెబ్కాకు కూడా నవ్వొచ్చింది. 'త్రి' అని తెలుగులో పెద్దగా రాసి, కిందినుంచి తోకను పైకి లాగి, కొసన చిన్న కొక్కెం తిప్పాడు. అచ్చం మిరపకాయ తొడిమలాగే ఉంది.

"ఇదేం సంతకంరా?"

"మా బస్తాల మీద గుర్తక్కా. చిన్నప్పుడు మా నాన్న నాచేత రాయించేవాడు. మిరపకాయల బస్తా కుట్టినాక నేను గుర్తేస్తేనే గుంటూరు మిర్చి యార్డుకు తోలతాడు. రాసి రాసి అదే సంతకమైపోయింది."

సాయంత్రం పూట క్లాసు చెప్పడానికి మొహిద్దీన్ బాషా గారొచ్చేవారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన. కిటికీలోంచి బయటికి చూస్తూ కాలవ గట్లు కుంగిన కథలన్నీ చెప్పేవారు. పేర్లు పిలిచే అలవాటు లేదు. హాజరు కాయితం బల్ల మీద పెడితే అది చేతులు మారి, సంతకాలతో తిరిగి ఆయన దగ్గరికి చేరేది. దాన్ని మడిచి ఆఫీసులో ఇచ్చి వెళ్ళిపోయేవారు. ఆ అయిదుగురి హాజరుకీ ఆఫీసు చూసే లెక్క అదొక్కటే. ఎంతమంది ఉన్నారని తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఫిబ్రవరిలో మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చాయి. త్రినాథ్ రెండు సబ్జెక్టులు తప్పాడు. వచ్చిన మార్కులు కూడా అంతంతమాత్రం. ఈసారి సగటు పెరగకపోతే కోర్సులోంచే తీసేస్తారు, అదింకో రూలు. ఆ రోజు క్లాసయ్యాక మెట్ల దగ్గర రెబ్కా కోసం నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నావల్ల కాదక్కా. ఎంత చదివినా బుర్రకెక్కట్లా. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు, మావాడు పెద్ద ఇంజనీరింగు చదువుతున్నాడని. ఆయన మొహం ఎట్టా చూడాలో అర్థం కావట్లా."

రెబ్కా ఆ మాట విన్నది. విన్నదిగానీ, నిజం చెప్పాలంటే, చెవికెక్కింది మాత్రం ఒకటే. వీడు మానేస్తే నలుగురే మిగులుతారు. సబ్జెక్టు ఎత్తేస్తారు. తన కొంప మునుగుతుంది.

"ఛ, ఊరుకో. దీనికే ఇంత బెంగా? నువ్వు మానేస్తానని మాత్రం ఎవరితో అనబాక," అంది. "కొన్నాళ్ళు ఇంటికి పోయి, అమ్మ చేతి అన్నం తిని, మనసు కుదుటపడ్డాక రా. నీ సంతకం నేను పెడతాలే. నీ హాజరు ఎక్కడికీ పోదు."

వాడేదో ఇంకా చెప్పబోయాడు. రెబ్కాకు బస్సు టైమైంది. పేట చేరి, పిల్లకు అన్నం పెట్టి, మర్నాడు చెప్పాల్సిన పాఠం చూసుకోవాలి. భుజం తట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి త్రినాథ్ రాలేదు. రెబ్కా తన సంతకం పెట్టి, దాని కింద 'త్రి' రాసి, తోక లాగి, కొక్కెం తిప్పేది. మొదట్లో తోక వంకర పోయింది. తర్వాత తన సంతకం కంటే వాడిదే బాగా కుదిరింది. మిగతా ముగ్గురూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు, సబ్జెక్టు వాళ్ళకీ కావాలిగా. ఒకరికొకరు ప్రాక్సీ పెట్టుకోవడం కాలేజీల్లో కొత్తా? పోనీలే, వాడు మిరపకోతల్లో తల్లిదండ్రులకు సాయం చేస్తున్నాడేమో అనుకుంది రెబ్కా. అలా అనుకుంటే హాయిగా ఉండేది. వారాలు గడిచిన కొద్దీ వాడి గురించి అనుకోవడం కూడా మానేసింది.

ఏప్రిల్‌లో పరీక్ష దరఖాస్తులొచ్చాయి. డిపార్ట్‌మెంటు హెడ్డుగారు అయిదు కాయితాలూ రెబ్కా చేతికే ఇచ్చారు.

"ఫొటోలంటించి, సంతకాలు చేయించి, అయిదూ శనివారం సాయంత్రానికి నా బల్ల మీదుండాలమ్మా. నాలుగొచ్చాయా, యూనివర్సిటీ పేపరు పంపదు. నీ సంగతి నీకు తెలుసు కదా, తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను," అన్నారు. మళ్ళీ ఆయనే, "ఆ త్రినాథ్‌కి చెప్పు. మార్కులు పోతే పోయాయి, అటెండెన్సులో మీ అందరికంటే ముందున్నాడు. అట్టాంటి కుర్రాడు పైకొస్తాడు," అన్నారు.

రెబ్కా కాయితాలు తీసుకుని బయటికొచ్చింది.

సంతకానికి బెంగలేదు. ఫొటో ఎక్కడినుంచి తేవాలి? త్రినాథ్ అద్దెకున్న గది బ్రాడీపేటలో ఉంది. ఉరుకులు పరుగుల మీద వెళ్ళింది. ఇంటి యజమానురాలు జైనాబీ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఆ అబ్బాయి ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళాడుగా తల్లీ! ఊరెళ్తున్నానన్నాడు. పరుపు కూడా ఎవరికో ఇచ్చేశాడు," అంది.

అమ్మయ్య, ఊళ్ళోనే ఉన్నాడన్నమాట, అనుకుంది రెబ్కా. పరుపు ఇచ్చేశాడన్న మాట దగ్గర మనసు ఒక్క క్షణం ఆగింది. ఆగనివ్వలేదు. శుక్రవారం పొద్దున్నే తాను పాఠం చెప్పే కాలేజీకి సెలవు చెప్పి, పిల్లను తల్లికి అప్పజెప్పి పర్చూరు బస్సెక్కింది.

దారి పొడుగునా ఒకటే ప్రార్థన. ప్రభువా, వాడింట్లో ఉండాలి. నాతో రావాలి. రాకపోతే ఒక్క ఫొటో అయినా ఇవ్వాలి. ఈ ఒక్క గండం గట్టెక్కించు తండ్రీ, ఇంకేం అడగను. కిటికీ బయట పత్తి ఏరేసిన చేలు ఎండి మోళ్ళు మిగిలాయి, నేల నోరు తెరిచి బీటలు వారింది. ఎక్కడ చూసినా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటుకి బస్సులో అందరూ తుమ్ముతున్నారు. త్రినాథ్ కనపడగానే ఏమని తిట్టాలో కూడా సిద్ధం చేసుకుంది. ఒక్క కబురైనా చెయ్యకూడదంట్రా, అక్క ఏమైపోయిందో అనుకోలేదా, అని.

బస్సు దిగి త్రినాథ్ తండ్రి వెంకయ్య గారి కల్లం ఎక్కడని అడిగితే చూపించారు. కల్లం అంచున అలవాటుగా చెప్పులు విడిచింది. ఎలీసమ్మ కూతురిగా ఎన్ని కల్లాల్లో తాలుకాయలు ఏరిందో, పంట పరిచిన చోట చెప్పుకాలు పెట్టకూడదని ఒకరు చెప్పాలా? అది చూసి, కుప్ప దగ్గర కూర్చుని తెల్లబారిన కాయల్ని వేరుచేస్తున్న పెద్దావిడ మొహం విప్పారింది. త్రినాథ్ తల్లి వెంకటరావమ్మ. అవతల వెంకయ్య దబ్బనంతో బస్తా మూతి కుడుతున్నాడు. వెనకాల కుట్టిన బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా గుర్తు లేదు.

"నేను గుంటూరు నుంచి వచ్చానండి. త్రినాథ్‌తో చదువుతున్నాను. నా పేరు రెబ్కా."

వెంకయ్య దబ్బనం పక్కనపడేసి లేచాడు. మొహం నిండా నవ్వు.

"మావాడు పంపాడా అమ్మా? ఎట్టున్నాడు? ఒంట్లో బానే ఉందిగా?"

అంటే వాడు ఇక్కడా లేడు. రెబ్కా అబద్ధమాడాలని కూడా అనుకోకముందే నోరు తనంతట తానే ఆడేసింది.

"బాగున్నాడండి."

"నే చెప్పలా?" అన్నాడు వెంకయ్య భార్యతో. "ఈవిడ ఒకటే గోలమ్మా. కబుర్లేదు, ఫోను లేదు, పిల్లోడేమైపోయాడో చూసిరా పో అని నన్ను నిద్రపోనిచ్చేది కాదు. నాకూ గుబులు పుట్టింది. గుంటూరు పోదామని చొక్కా కూడా తొడిగా. ఆ రోజే వచ్చింది చూడు కార్డు."

జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఒక పోస్టుకార్డు. హాజరు ఎంతుందో తల్లిదండ్రులకు తెలియజేస్తూ కాలేజీవాళ్ళు పంపే అచ్చు కార్డు. కింద ముద్ర, ముద్ర మీద ఎవరిదో గిలుకుడు సంతకం.

"తొంభై మూడు శాతమంట! మా మాస్టారు చదివి చెప్పాడు. వందకి తొంభై మూడు రోజులు బళ్ళో కూర్చుంటే ఇంక మనకు ఫోను చేసే తీరికేడ ఉంటది? చదువు మీద పడ్డాడు పిల్లోడు, కదిలించబాకే అని చెప్పా. పోలా. ఇంక కోతలు మొదలైనయ్యి, చిక్కుకుపోయా."

రెబ్కా ఆ అంకె చదివింది. ఆ తొంభై మూడూ తనవి. తోక లాగి, కొక్కెం తిప్పి తానే పోగేసింది. చొక్కా తొడుక్కుని కొడుకును వెతకడానికి బయల్దేరిన తండ్రిని గుమ్మంలోనే ఆపేసింది తన చెయ్యి. గదిలో లేడు. కాలేజీలో లేడు. ఇంట్లో లేడు. ఇన్నాళ్ళుగా ఒక మనిషి కనపడకుండా పోతే ఒక్క ప్రాణి కూడా వెతకలేదు. వెతకనివ్వకుండా తాను రోజూ వాడి పేరు రాసింది.

పరుపు కూడా ఇచ్చేశాడు.

"కూర్చో తల్లీ, ఎండనపడి వచ్చావు," అని వెంకటరావమ్మ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. "ఏదో పనిమీదే వచ్చుంటావు. ఏం కావాలమ్మా?"

ఇక్కడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. మీరైతే చెప్పేవాళ్ళేమో, నేనెరగను. రెబ్కాకు మాత్రం ఆ క్షణంలో కళ్ళముందు శనివారం కనపడింది, హెడ్డుగారి బల్ల కనపడింది, నాలుగేళ్ళు కనపడ్డాయి. తెల్లారకముందే లేచి మిరపచేలకు పోయిన తల్లి చేతులు కనపడ్డాయి. చెప్తే ఇవాళే అన్నీ పోతాయి. దొంగసంతకాలు పెట్టినందుకు కాలేజీ ఊరుకోదు, సబ్జెక్టు పోతుంది, క్రెడిట్లన్నీ రద్దవుతాయి. చెప్పకపోతే ఒక్క ఫొటో చాలు. రేపు కాయితాలిచ్చేసి, ఆ తర్వాత తానే వాడికోసం వెతుకుతుంది. తప్పకుండా వెతుకుతుంది. పరీక్షలయ్యాక. అలా తనకు తానే సర్దిచెప్పుకుంది.

"పరీక్ష దరఖాస్తుకి త్రినాథ్ ఫొటో ఒకటి కావాలండి. ఇంట్లో ఉందన్నాడు."

"అయ్యో, దానికేం భాగ్యం," అంటూ వెంకటరావమ్మ ఇంటికి పోయి ఒక ఫొటో, దానితో పాటు మూత చుట్టూ గుడ్డ కట్టిన గాజు సీసా తెచ్చింది. పండుమిరపకాయల పచ్చడి. "వాడికిష్టమమ్మా. ఉప్పు ఎక్కువేశా, పాడవదు. వేడన్నంలో నెయ్యేసుకు తినమను. ఉత్త పచ్చడి తింటే కడుపులో మండిద్దని నేను చెప్పానను."

"ఇంకో మాట," అన్నాడు వెంకయ్య. "ఆదివారమన్నా ఒకసారి వచ్చి బస్తాల మీద గుర్తేసి పొమ్మనమ్మా. ఏ ఏడూ వాడి చెయ్యి పడకుండా సరుకు తోలలేదు. యార్డులో కూడా ఆ గుర్తు చూసే మా బస్తా అని తెలుసుకుంటారు. బస్తాలన్నీ వాడి కోసమే ఆపా."

ఫొటో హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. సీసా చేత్తో పట్టుకుంది. వస్తానండి అని చెప్పి, చెప్పులేసుకుని, రోడ్డు దాకా వెనక్కి చూడకుండా నడిచింది. వచ్చిన పనైపోయింది. అనుకున్న దానికంటే తేలిగ్గా అయిపోయింది. ప్రార్థన ఇంత తొందరగా ఫలిస్తుందని ఆమె అనుకోలేదు.

బస్టాపు దగ్గర నీడ లేదు. ఎండకు సీసా వేడెక్కింది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. దీన్నేం చెయ్యాలి? ఎవరికివ్వాలి? బస్సులో వదిలేసి దిగిపోతే? ఇంటికి తీసుకుపోతే, ఎక్కడిదే ఈ పచ్చడని తల్లి అడిగితే? ఎలీసమ్మ ఆ సీసా మూత తీసి వేలితో నాకి, మంచి కాయే అని మెచ్చుకోవడం కళ్ళకు కట్టింది. ఆ తల్లి పెట్టింది ఈ తల్లి తింటుందా? తన పిల్ల ఇలాగే ఎక్కడికో పోతే, ఎవరో ఒకరు రోజూ దాని పేరు రాస్తూ పోతే, తానిలాగే పచ్చళ్ళు పెట్టుకుంటూ కూర్చోవాలా?

మెట్ల దగ్గర వాడేదో చెప్పబోయాడు. అదేమిటి? ఏం చెప్పేవాడు? బస్సు టైమైందని పోయింది కదా తను!

పేట బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. "ఎక్కమ్మా, ఎక్కు ఎక్కు," అని కండక్టరు తొందరపెట్టాడు. రెబ్కా ఒక కాలు మెట్టు మీద పెట్టింది. సీసా పట్టుకున్న చెయ్యి కడ్డీని పట్టుకోలేకపోయింది. "వస్తావా రావా తల్లీ?" అన్నాడు. ఆమె కాలు కిందికి దించింది. బస్సు వెళ్ళిపోయింది.

కల్లం దగ్గరికి తిరిగొచ్చేసరికి రెబ్కా కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. మిరప ఘాటుకేమోనని వెంకయ్య అనుకున్నాడు.

"బస్సు తప్పిందా అమ్మా?"

"లేదండి." సీసాను ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "నేను అబద్ధం చెప్పానండి. త్రినాథ్ కాలేజీలో లేడు. ఫిబ్రవరి నుంచీ లేడు. గది ఖాళీ చేశాడు. ఇంటికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళాడు. ఇక్కడున్నాడనుకుని వచ్చాను నేను."

వెంకటరావమ్మ చేతిలో కాయలు జారి కుప్పలో పడ్డాయి.

"ఏందమ్మా నువ్వనేది?" వెంకయ్య గొంతు పెరిగింది. "ఇందాకేగా బాగున్నాడన్నావు! తొంభై మూడు శాతం వచ్చాడని కార్డు రాస్తే, లేడంటావేంది? కాలేజీవాళ్ళు అబద్ధం రాస్తారా? ముద్రేసి పంపారు, ఇదిగో!"

"ఆ సంతకాలు నేను పెట్టానండి. వాడి బదులు రోజూ నేనే పెట్టాను. అయిదుగురు లేకపోతే నా సబ్జెక్టు ఎత్తేస్తారని..." ఆ మాట అంటుంటే, ఎంత చిన్న మాటో అప్పుడు తెలిసింది ఆమెకు. ఈ మనిషికి క్రెడిట్లంటే ఏం చెప్తుంది? నాలుగేళ్ళ గడువంటే ఏం చెప్తుంది?

"పో అమ్మా, పో!" అని చెయ్యి విసిరాడు వెంకయ్య. "ఎవరో మావాడంటే గిట్టనోళ్ళు పంపినట్టున్నారు నిన్ను. మావాడు పోనేపోడు. మాకు చెప్పకుండా యాడికీ పోడు. వాడి సంతకం ఇంకోళ్ళకొచ్చిద్దా? ఎవరికొచ్చిద్ది? ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. నీకొచ్చిద్దా?"

కార్డును గుండెకు అదుముకుని నిలబడ్డాడు. ఆ కార్డు ఉన్నంతసేపూ కొడుకు గుంటూరులో ఉన్నాడు, బెంచీ మీద కూర్చున్నాడు, చదువుకుంటున్నాడు. దాన్ని ఆయన చేతిలోంచి ఎవరు లాక్కోగలరు? కానీ దాన్ని నమ్ముకుని ఆయన ఇంకో రోజు ఇక్కడ కూర్చుంటే, వాడికోసం ఇంకో రోజు ఎవరూ వెతకరు.

బస్తాల పక్కన నల్లరంగు డబ్బా, పుల్లకు గుడ్డ చుట్టిన కుంచె ఉన్నాయి. త్రినాథ్ వస్తాడని కలిపి పెట్టుకున్నవి. రెబ్కా వెళ్ళి కుంచె తీసింది. ఇది రాస్తే ఇంక దాచడానికేమీ ఉండదు. ఈ బస్తా గుంటూరు దాకా సాక్ష్యం చెప్తుంది. శనివారం, హెడ్డుగారి బల్ల, జూన్, అన్నీ ఇక్కడితో సరి. చేతికి తడుముకునే పనిలేదు. రోజూ చేసిన పనేగా.

బస్తా మీద 'త్రి' రాసింది. కిందినుంచి తోకను పైకి లాగింది. కొసన చిన్న కొక్కెం తిప్పింది.

వెంకటరావమ్మ ముందు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడిపోయింది. వెంకయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. కల్లం మూల పాత గోతాల కట్టలోంచి పోయినేటి గోతం ఒకటి లాగి, బస్తా మీద పరిచాడు. దాని మీద కొడుకు రాసిన గుర్తు. పక్కన ఇంకా తడారని గుర్తు. వేలు పెట్టి ఒక తోక వెంట నడిపాడు, మళ్ళీ రెండో తోక వెంట నడిపాడు. వేలికి నల్లరంగు అంటింది. కార్డు ఎప్పుడు కిందపడిందో ఆయనకు తెలియదు.

రెబ్కా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. దారి తప్పినవాడు ఎదురొచ్చినవాళ్ళనడిగినట్టు అడిగాడు.

"మరి మావాడేడమ్మా?"